కిరాయికిచ్చిన రెండో షెడ్డు

1999 జూన్ 14, సోమవారం, పొద్దున పదకొండుంబావుకు ఇదంతా మొదలైంది. పదకొండు గంటలకు కరెంటు పోయి మోటారు ఆగింది. మళ్ళీ ఎప్పుడొస్తుందోనని స్టార్టరు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాను కాబట్టి వేళ గుర్తుంది. గేటు ముందు తెల్ల వ్యాను ఆగి, నలభై ఏళ్ళ మనిషి ఒక్కడే దిగాడు. ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు. గేటు తీయమని అడగలేదు. బయటే నిలబడి, "అమ్మా, మీ దగ్గర ఖాళీ షెడ్డుందని మేడ్చల్‌ల చెప్పిండ్రు" అన్నాడు.

మాది శామీర్‌పేట నుంచి లాల్‌గడి మలక్‌పేట్ పోయే దారిలో నాలుగెకరాల చెలక. అందులో ఇల్లు, ఒక బోరు, రెండు కోళ్ల షెడ్లు. ఇంట్లో నేను, మా ఆయన, కాలేజీకి పోయే మా అమ్మాయి. మొదటి షెడ్డు 1986లో ఇంటి పక్కనే కట్టాం. రెండోది 1991లో, బోరు దాటి రెండు వందల గజాల దూరంలో, పక్కాయన ద్రాక్షతోట అంచున. గుడ్ల లెక్క, దాణా లెక్క, చచ్చిన కోళ్ల లెక్క నాది. మందులు, కూలీలు, బేరాలు మా ఆయనవి. ఆ ఏడు ఏప్రిల్‌లో రెండో షెడ్డుకు కొక్కెర రోగం తగిలింది. రెండు వేల నాలుగు వందల కోళ్లలో పందొమ్మిది రోజుల్లో పదహారు వందల డెబ్బై పోయాయి. మిగిలినవాటిని కోతకు అమ్మేశాం. పెంట ఎత్తించి, గోడలకు సున్నం కొట్టించి, మందు పొగ పెట్టి షెడ్డును అలాగే వదిలాం. మళ్ళీ కోడిపిల్లల్ని దింపే ధైర్యం ఇద్దరికీ లేదు.

కోళ్లు పెంచేవాళ్లకు ఒక కట్టుబాటుంది. ఒకరి షెడ్డులో ఇంకొకరు కాలు పెట్టరు. రోగం చెప్పుల మట్టితో వస్తుంది, బట్టల దుమ్ముతో వస్తుంది. గుడ్లు కొనే వ్యాపారి గేటు దగ్గరే నిలబడి కేకేస్తాడు. సొంత తమ్ముడి ఫారానికి పోయొచ్చినా, చావు ఇంటికి పోయొచ్చినట్టు స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే మన కోళ్ల దగ్గరికి పోవాలి. ప్రతి షెడ్డు గుమ్మం ముందు సిమెంటు తొట్టి ఉంటుంది. అందులో పొటాషు కలిపిన ఊదా రంగు నీళ్లు. లోపలికి పోయేవాళ్లు ఎవరైనా చెప్పులు విడిచి రెండు కాళ్లూ అందులో ముంచి పోవాలి. మా మరిది ఒకసారి తొట్టి మీంచి దూకి పోయాడని మా ఆయన అతనితో ఆరు నెలలు మాట్లాడలేదు.

షెడ్డు చూపించడానికి మా ఆయనే తీసుకుపోయాడు, వెనక నేను. గుమ్మం దగ్గర ఆ మనిషి ఆగాడు.

"ఈ తొట్టి ఏంది పటేలా?"

మా ఆయనకు అడిగేవాడు దొరకడమే పండుగ. రోగం ఎట్లా వస్తుందో, ఒక్క మనిషి కాలితో ఒక షెడ్డు ఎట్లా ఖాళీ అవుతుందో, పక్కవాళ్లు మన షెడ్డులోకి ఎందుకు తొంగి కూడా చూడరో, అంతా విడమర్చి చెప్పాడు. ఆ మనిషి చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

"అయితే మీ ఆడోళ్లు గూడ కాళ్లు ముంచాల్నా?"

"నా పెండ్లామైనా ముంచాలె, జిల్లా కలెక్టరైనా ముంచాలె. ముంచనోడు నాకు సుట్టమే గాదు."

లోపల అప్పుడు కోడి లేదు, ఈక లేదు. అయినా ఆ మనిషి బూట్లు విప్పి, మేజోళ్లు జేబులో పెట్టుకుని, ప్యాంటు పైకి మడిచి తొట్టిలో నిలబడ్డాడు. దాంతో మా ఆయన మనసు అతనిదైపోయింది.

తాను బొంబాయి కంపెనీకి మేనేజరునన్నాడు. పశువుల మందు తయారీ. పొడి ఆరబెట్టి, మాత్రలు కొట్టి బొంబాయికి పంపుతారు. "దుమ్ము పడితె మాలంత ఖరాబైతది పటేలా. మీ కోళ్ల లెక్కనే. లోపలికి ఎవ్వల్ని రానియ్యం, ఏమనుకోవద్దు" అన్నాడు.

"గది మాకు చెప్పేదుందా సార్?" అన్నాడు మా ఆయన.

జులై ఒకటి నుంచి కిరాయి. కాగితం మీద మా ఆయన సంతకం, మేనేజరు సంతకం. కరెంటు మీటరు మా పేరు మీదే, కోళ్ల ఫారం కనెక్షన్ కిందే ఉంచమన్నాడు. మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి కదా అన్నాడు. నిజమే అనిపించింది.

పదహారు నెలలు ఉన్నారు. ఏడుగురు పనివాళ్లు, అందరూ హిందీ మాట్లాడేవాళ్లు, వంట వాళ్లదే. తెలుగువాడు ఒక్కడే, మందులు కలిపే కెమిస్టు. మేడ్చల్ దిక్కు ఫ్యాక్టరీ ఒకటి మూతపడి రెండేళ్లు ఖాళీగా ఉన్నవాడు, మంచి చదువు చదివినవాడు. ఎదురైతే నమస్కారం పెట్టి తల వంచుకుని పోయేవాడు. వ్యాన్లు పట్టపగలే వచ్చిపోయేవి. రెండుసార్లు కారులో ఒక పెద్దమనిషి వచ్చి, షెడ్డు బయటే నిలబడి పోయాడు. ప్రతి సోమవారం తొట్టిలో నీళ్లు మార్చేవాళ్లు. మా దగ్గర గుడ్లు ఏరే ఆమె అది చూసి పకపకా నవ్వేది.

"అమ్మా, గా కిరాయోల్లు మనకన్న మడిగున్నరు. బొంబాయోల్లకు గూడ కొక్కెర రోగం తగుల్తదా ఏంది?"

వాసన వచ్చేది. రాలేదని నేను అనను. కాని ఆ రోజుల్లో మేడ్చల్ ఫ్యాక్టరీల గాలి మళ్లితే రోజుకో వాసన. పైగా కోళ్ల పెంట మధ్య బతికేవాళ్ల ముక్కుకు తేడాలు తెలియవు. ముందుగా అడిగింది పక్క ద్రాక్షతోట ఆయన. 2000 ఫిబ్రవరిలో కంచె దగ్గరకొచ్చి మా ఆయనను పిలిచాడు.

"బావా, నీ షెడ్డుల ఏం జాతి కోళ్లను పెంచుతున్రు? నా కూలోల్లు మూతికి గుడ్డ గట్టుకొని కత్తిరింపు జేస్తున్రు."

"పెంట కంపుకు నా ముక్కు వోయి పదమూడేండ్లాయె. నన్నడుగుతవేంది?"

"నవ్వులాట గాదు. గీ అంచు తీగెలు జూడు. ఆకు మాడిపోయింది. తెగులు గాదిది, ఏదో నీళ్లు తగిలినయి."

నేను పోయి చూశాను. పద్నాలుగు వరుసల చివర్లు నల్లబడి ఉన్నాయి. ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను: "ఒక్కసారి లోపలికి వోయి చూసిరా. అడుగుడు గాదు, చూసుడు."

"నీ కోళ్లు ఉన్నప్పుడు ఎవ్వడన్న వచ్చి, ఒక్కసారి లోపలికొచ్చి చూస్తనంటె రానిస్తవా?"

"రానియ్య."

"మరి ఆల్లెట్ల రానిస్తరు? ఇచ్చినంక అది ఆల్ల షెడ్డు."

మేం పద్నాలుగేళ్లుగా బతికిన తీరు అదే. మా ఆయన మేనేజరుతో మాట్లాడాడు. మేనేజరు నొచ్చుకుని, ద్రాక్షతోట ఆయన ఇంటికి తానే పోయి క్షమించమని అడిగి, గుంత తవ్వించి ప్లాస్టిక్ పట్టా పరిపించాడు. నీళ్లన్నీ అందులోకే పోతాయన్నాడు. "పద్ధతిగల్ల మనిషి" అన్నాడు మా ఆయన. ద్రాక్షతోట ఆయన కూడా మళ్ళీ అడగలేదు.

2000 నవంబరు 7, మంగళవారం, పది గంటల నలభై నిమిషాలకు నాలుగు జీపులు వచ్చాయి. గేటు తీసేదాకా ఆగలేదు. వాళ్లు కేంద్రం నుంచి వచ్చిన అధికారులు, వెంట శామీర్‌పేట కానిస్టేబుళ్లు ఇద్దరు. మొదటి షెడ్డులో టీకాలు వేయిస్తున్న మా ఆయనను పిలిచి, రెండో షెడ్డు దగ్గరికి నడిపించారు. పనివాళ్లలో నలుగురు గోడ దూకి ద్రాక్షతోటలో పడి పారిపోయారు. ముగ్గురూ కెమిస్టూ దొరికారు. మేనేజరు లేడు. రెండు రోజుల ముందే దుబాయి విమానం ఎక్కాడని తరువాత తెలిసింది.

తలుపు తీసి, మా ఆయనను ముందు నడవమన్నారు. అప్పుడు ఆయన ఒక పని చేశాడు. చెప్పులు విడిచి, తొట్టిలో రెండు కాళ్లూ ముంచి, పక్కనున్న గోనె మీద తుడుచుకుని లోపలికి అడుగు వేశాడు. పద్నాలుగేళ్లుగా ఏ షెడ్డు గుమ్మంలోనైనా ఆయన కాళ్లు చేసే పని అది. వెనకున్న అధికారి ఆగి చూశాడు. పంచనామాలో ఒక వాక్యం రాశాడు: ఇంటి యజమానికి ఆ స్థలంలో ప్రవేశించే ఏర్పాట్లు బాగా అలవాటైనవిగా కనిపించాయి.

నేను గుమ్మం బయట నుంచి చూశాను. మేం దాణా తొట్లు వరసగా పెట్టే చోట బల్లలు, బల్లల మీద ఇనుప పళ్లేలు, పళ్లేల నిండా తెల్లటి పొడి. ఒక మూల మాత్రలు కొట్టే మిషను. గోడవారగా కుట్టు వేసిన బస్తాలు యాభై మూడు. పనివాళ్ల పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతూ ఉంది. పిల్లి ఉచ్చలాంటి, కుళ్లిన వెల్లుల్లిలాంటి ఘాటు. గోడల మీద మేం కొట్టించిన సున్నం అప్పటికీ తెల్లగానే ఉంది.

సరుకు ఎక్కించడానికి లారీ కోసం మూడు గంటలు ఆగారు. ఆ అధికారుల్లో తల నెరిసినాయన ఒకరు నన్ను మంచినీళ్లు అడిగారు. తాగి, ఇది ఏమిటో తెలుసా అన్నారు. పశువుల మందన్నారని చెప్పాను. ఆయన నా మొహంలోకి చూసి చెప్పుకొచ్చారు. ఇది ఒకప్పుడు డాక్టర్లు రాసిచ్చిన నిద్ర మాత్రేనట. జనం దానికి బానిసలవుతున్నారని ప్రభుత్వాలు ఆపేశాయి. కాని ఆఫ్రికా దక్షిణాన పేద బస్తీల్లో దాన్ని నూరి, గంజాయిలో కలిపి పీల్చే అలవాటు నిలిచిపోయింది. కొనేవాళ్లు అక్కడ, చేసేవాళ్లు ఇక్కడ. హైదరాబాదు చుట్టూ మందుల ఫ్యాక్టరీలు లేచాయి, కొన్ని మూతపడ్డాయి. పని తెలిసిన చేతులు ఖాళీగా ఉన్నాయి. ఒకప్పుడు బంగారం, గడియారాలు దొంగతనంగా దించిన బొంబాయి ముఠాల పెద్దలు సముద్రం అవతల గల్ఫులో స్థిరపడి ఈ పనిలోకి దిగారు. మాత్ర ఇక్కడి నుంచి బొంబాయికి, అక్కడి నుంచి వేరే సరుకు పేరుతో ఓడలో ఆఫ్రికా రేవులకు పోతుంది. డబ్బు మాత్రం ఏ బ్యాంకూ చూడకుండా దుబాయి మీదుగా తిరిగి వస్తుంది.

"మీ ఊరి పేరు అక్కడ ఎవడికీ తెలియదమ్మా. అక్కడివాడి పేరు ఇక్కడ ఎవడికీ తెలియదు. వాళ్లకు కావలసింది కూడా అదే" అన్నారాయన.

మధ్యాహ్నం రెండు గంటలకు మా ఆయనను జీపు ఎక్కించారు. "పొయ్యిమీద పప్పున్నది, సూడు" అన్నాడు. కాగితాల మీద రెండు సంతకాలు పెట్టి సాయంత్రానికి వస్తాననుకున్నాడు.

మత్తుమందుల చట్టం కింద బెయిలు దొరకడం కష్టమని వకీలు మొదటి రోజే చెప్పాడు. బయటికి రావడానికి ఒక దారి ఉందన్నాడు. అధికారులు ఫోటోలు చూపిస్తారు. మేనేజరునూ, రెండుసార్లు కారులో వచ్చి బయట నిలబడి పోయిన పెద్దమనిషినీ మా ఆయన గుర్తుపట్టి, తెలిసినదంతా చెబితే సాక్షిగా మార్చుకునే వీలుంది. ఆ పెద్దమనిషి ముఖం మా ఇద్దరికీ తెలుసు. మేం వెంటనే ఒప్పుకున్నాం. డిసెంబరు 7, గురువారానికి తేదీ ఇచ్చారు.

డిసెంబరు 4, సోమవారం, మధ్యాహ్నం మూడుంబావుకు మా ఇంట్లో ఫోను మోగింది. ముందు సముద్రపు హోరులాంటి చప్పుడు, తరువాత మేనేజరు గొంతు.

"నమస్తే అమ్మా. పటేల్‌సాబ్ ఆరోగ్యం మంచిగున్నదా?"

"నీ నోట మన్నువడ. యాడున్నవు?"

"దూరం ఉన్న. నన్ను తిట్టుండ్రి, నాకు కోపం రాదు. మీ ఇంట్ల బువ్వ తిన్నోన్ని. పాప అల్వాల్ కాలేజీకి ఎనిమిది గంటల బస్సుకే పోతది కదమ్మా? మొన్న శనివారం ఆకుపచ్చ డ్రెస్సుల కిటికీ కాడ కూసున్నది. పటేల్‌సాబ్‌కు ఫోటోలు చూసుడు ఎందుకు? వయసు మీద పడ్డది, కండ్లు కనవడవు కదా."

గొంతు పెంచలేదు. అవతలి గదిలో ఎవరో టీవీ చూస్తున్న చప్పుడు కూడా వినిపించింది. నేను ఫోను పెట్టేసి క్యాలెండరు చూశాను. శనివారం మా అమ్మాయి వేసుకున్నది ఆకుపచ్చ డ్రెస్సే.

జైలు ములాఖాతులో ఇనుప జాలీకి ఇవతల నుంచి మా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"నువ్వేమంటవు?" అన్నాడు.

"నేనేమనాలె? ఇద్దరూ నాకు గావాలె."

"అయితే బిడ్డను ఇంట్ల ఉంచు. నా కండ్లకు ఏం కనవడ్తలేదని చెప్త."

గురువారం ఆయన ముందు పదకొండు ఫోటోలు పెట్టారు. ఒక్కరూ తెలియదన్నాడు. ఆ రోజుతో సాక్షి దారి మూసుకుపోయింది. అబద్ధం ఆడుతున్నాడని అధికారులకు అర్థమైంది, ఎందుకు ఆడుతున్నాడో అడగలేదు. ఆ తరువాత ఆయన చెప్పిన నిజాలను కూడా వాళ్లు నమ్మలేదు. మా అమ్మాయి కాలేజీ మానేసింది. చివరి ఏడాది పరీక్షలు రాయలేదు.

కోర్టు వరండాలో కెమిస్టు ఒకసారి నా పక్క బెంచీ మీద కూర్చున్నాడు, చేతికి బేడీ, పక్కన కానిస్టేబులు. "మీ ఆయనకేం తెలియదని నాకు తెలుసమ్మా" అన్నాడు.

"తెలిస్తె జడ్జి ముందల చెప్పు."

"నా మాట ఎవరు వింటారు? నేనే ముద్దాయిని. నాక్కూడా మేనేజరు ఒక్కడే తెలుసు. మేనేజరుకు బొంబాయిలో ఒకడు. వాడికి దుబాయిలో ఒకడు. ఎవడికైనా తన పైవాడే తెలుసు, ఆ పైవాడు తెలియడు. పట్టుబడితే అక్కడికి తెగిపోవాలి. తెగిపోయింది." తరువాత నవ్వినట్టు మొహం పెట్టాడు. "ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు చేశాను. ఒక్కనాడు నన్నెవరూ సార్ అనలేదు. మేనేజరు అన్నాడు."

నాకు అతని మీద జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు.

ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. షెడ్డులో ఏం జరుగుతోందో మా ఆయనకు తెలుసా, తెలియదా. తెలియదని తేలితే ఇంటికొస్తాడు. తెలుసని తేలితే పదేళ్లకు తక్కువ శిక్ష ఆ చట్టంలో లేదు. కోళ్ల వాళ్ల కట్టుబాటు గురించి చెప్పడానికి ఇంకో ఫారం యజమానిని ఎవరినైనా తెమ్మన్నాడు వకీలు. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మేడ్చల్ దాకా తొమ్మిది ఇళ్ల గడపలు తొక్కాను. "మాకూ పిల్లలున్నరు వదినె" అన్నారు. ద్రాక్షతోట ఆయన వస్తానని, వచ్చే రోజు పొద్దున ఇంటికి తాళం వేసి పోయాడు. ఆయనకూ ఫోను వచ్చిందని అనుకుంటాను. అడగలేదు.

వకీలు ఇంకో ఉపాయం చెప్పాడు. "తుపాకీ చూపించి బెదిరించారు, అందుకే నోరు మూసుకున్నానని చెప్పించండి. జడ్జికి అది అర్థమవుతుంది. కాళ్లు కడుక్కునే కథ అర్థం కాదు." మా ఆయన ఒప్పుకోలేదు. "బెదిరిచ్చిండ్రంటె నాకు ఎరికున్నదనే గదా. నాకు ఎరికనే లేదాయె" అన్నాడు. చివరికి సాక్షి బోనులోకి నేను ఎక్కాను. 2003 ఫిబ్రవరి 18, మంగళవారం.

మా వకీలు అడిగినవాటికి చెప్పాను. ఒకరి షెడ్డులోకి ఒకరు ఎందుకు పోరో, రోగం ఎట్లా వస్తుందో అన్నీ చెప్పాను. జడ్జి శ్రద్ధగానే రాసుకున్నారు. తరువాత ప్రభుత్వ వకీలు లేచాడు. మర్యాదగానే మొదలుపెట్టాడు.

"మీరు ఫారం లెక్కలు చూసుకుంటారా అమ్మా?"

"చూసుకుంట."

"1999 డిసెంబరులో మీ మొదటి షెడ్డులో రోజుకు ఎన్ని గుడ్లు వచ్చేవి?"

"పదహారు వందల ఎనబై దాకా. పదిహేనో తారీఖు ఒక్కనాడు పదిహేను వందల పది. ఆ ముందటి రోజు మోటరు కాలి నీళ్లు రాలేదు."

కోర్టులో నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, నేను గెలిచాననుకున్నాడు. వకీలు నవ్వలేదు.

"మూడేళ్ల కిందటి గుడ్ల లెక్క తారీఖుతో సహా చెబుతున్నారు. మీ ఇంటి నుంచి రెండు వందల గజాల దూరంలో పదహారు నెలలు ఏం తయారైందో మీకు తెలియదు. అంతేనా?"

"అది మా షెడ్డు గాదు. కిరాయికిచ్చినం."

"షెడ్డు ఎవరి పేరు మీద ఉంది?"

"మా పేరు మీదనే. ఇచ్చినంక ఆల్లది."

"దాడి రోజున మీ ఆయన తొట్టిలో కాళ్లు ముంచి లోపలికి పోయాడు. ఎందుకు?"

"ముంచకుంట పోతె తప్పు."

"ఎవరికి తప్పు? లోపల కోళ్లు లేవు కదా?"

గుడికి పోయి చెప్పులు విడిచేవాణ్ణి దేవుడు లోపలున్నాడా అని అడిగినట్టుంది. ఆ మాట అందామనుకున్నాను. అనేలోపే ఆయన "ఇంకేం లేదు" అని కూర్చున్నాడు.

సెప్టెంబరు 26న తీర్పు వచ్చింది. మా ఆయనకు పదేళ్ల జైలు, లక్ష జుర్మానా. కెమిస్టుకూ అంతే. ఇంత జాగ్రత్త గల కుటుంబానికి తమ ఆవరణలో జరిగే పని తెలియదనడం నమ్మశక్యంగా లేదని రాశారు. తొట్టి సంగతి కూడా రాశారు. లోపలికి పోయే అలవాటుకు అదే రుజువు. నేను చెప్పిన ప్రతి అంకె నిజం. ఆ నిజాలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఆయనను లోపల వేశారు.

హైకోర్టుకు అప్పీలు వేశాం. ములాఖాతుకు నెలకు రెండుసార్లు పోయేదాన్ని. ఆయన మొదట్లో హాస్యాలాడేవాడు. "ఈడ మస్తు పద్ధతున్నది. ఒకడి గదిలకు ఇంకొకడు రాడు" అనేవాడు. తరువాత తగ్గించాడు. చక్కెర జబ్బు ఉంది, కాళ్లు వాచేవి. 2005లో ఒకసారి అడిగాడు:

"మొదటి షెడ్డుకు టీకాలు ఏపిచ్చినవా?"

"కోళ్లు యాడున్నయ్? నువ్వు వోయిన ఏడే అమ్మితిని. చెప్పిన గదా."

"అవును, చెప్పినవు. యాది లేదు." చాలాసేపు జాలీని గోటితో గీశాడు. "నువ్వు నమ్ముతున్నవా, నాకు ఎరిక లేదని?"

"నేను నమ్మకుంటె ఇంకెవలు నమ్ముతరు?"

"గదే అడుగుతున్న. ఇంకెవలన్న నమ్మిన్రా అని."

అంతలో టైము అయిపోయిందని జవాను కర్ర తట్టాడు.

2006 మార్చి 19, ఆదివారం, తెల్లవారి ఐదున్నరకు పోయాడని తొమ్మిది గంటలకు కబురు వచ్చింది. గుండె ఆగిందని రాశారు. మనిషి పోతే అప్పీలు కూడా పోతుందని, కావాలంటే దగ్గరివాళ్లు ముప్పై రోజుల్లో అర్జీ పెట్టుకుని నడుపుకోవచ్చని వకీలు చెప్పాడు. "ఇగ ఎందుకమ్మా?" అన్నది మా అమ్మాయి. పదమూడో రోజు కర్మ అయ్యాక, పదిహేనో రోజు పోయి అర్జీ మీద సంతకం పెట్టాను. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుందేమోనని.

2009 జులై 15, బుధవారం, హైకోర్టు శిక్ష కొట్టేసింది. తీర్పు కాపీ తెచ్చుకుని, ఇంగ్లీషు కాబట్టి మా అమ్మాయితో చదివించుకుని రెండుసార్లు విన్నాను. పరీక్షకు పంపిన పొడి పొట్లాల మీద సీలు ముద్ర, రికార్డులో రాసిన ముద్ర ఒకటి కాదట. అందువల్ల మొత్తం కేసు నిలవదట. కెమిస్టు కూడా అదే తీర్పుతో బయటికొచ్చాడు. మా ఆయనకు తెలుసా తెలియదా అన్న ప్రశ్నలోకి పోవలసిన అవసరం లేదని రాశారు. తొట్టి గురించి, మా కట్టుబాటు గురించి పదిహేడు పేజీల్లో ఒక్క వాక్యం లేదు. మేనేజరు దొరకలేదు. కారులో వచ్చిన పెద్దమనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ మాత్రలు ఆ తరువాత కూడా ఇంకెక్కడో ఇంకెవరి షెడ్డులోనో తయారవుతున్నాయని పేపర్లలో చదువుతూనే ఉన్నాను.

ఇప్పుడు నాకు డెబ్బై ఆరేళ్లు. అల్వాల్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పోయినవి ఇవి.

మా ఆయన, అరవై ఒకటో ఏట. అంతకు ముందు జైలులో ఆయనవి ఐదేళ్ల నాలుగు నెలల పన్నెండు రోజులు. వకీళ్ల కోసం రెండు విడతలుగా అమ్మిన రెండెకరాల పది గుంటలు, రింగురోడ్డు మాట రాకముందు ధరకు. మొదటి షెడ్డు కోళ్లు వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై. సీలు తీసి అప్పగించేనాటికి రెండో షెడ్డుకు కప్పు లేదు, దూలాలు లేవు. బోరు ఉంది, నీళ్లు తాగడానికి పనికిరావు. పక్కాయన ద్రాక్ష, మొదట పద్నాలుగు వరుసలు, తరువాత తోటంతా. గుడ్లు ఏరే ఆమె పని. ఆమె జవహర్‌నగర్ చెత్త దిబ్బల దగ్గరికి పోయి, అక్కడ చెత్త ఏరుకుంటూనే చనిపోయింది. మా అమ్మాయి చదువు, ఒక సంవత్సరం తక్కువగా. లక్ష జుర్మానా తిరిగి ఇస్తామన్నారు, రెండేళ్ల తరువాత ఇచ్చారు. అది పోయినవాటిలో రాయలేదు.